బండ్లు స్టార్ట్ చేయమనే దాకా

ప్రసాద్ బాబు నాకు చేసిన అన్యాయం చిన్నది కాదు. మా అక్క మొగుడు, సంఘపెద్ద. ఊళ్లో ఎవరింట్లో తగువొచ్చినా మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టేది ఆయన్నే. మా నాన్న పోయాక మా అన్నదమ్ములిద్దరికీ లంకభూమి పంపకం జరిపించిన మధ్యవర్తి కూడా ఆయనే. ఊరి వైపు ముక్క అన్నయ్యకి పడింది, ఏటి వైపు ముక్క నాకు పడింది. నాలుగు వరదల్లో గోదావరి నా ముక్కని కొంచెం కొంచెంగా కోసుకుని తినేసింది. అన్నయ్య ముక్కలో అరటి గెలలు ఇప్పటికీ నేలకి వంగి ఉంటాయి. ఉన్నదాన్ని మళ్లీ చెరిసగం చేయమని నేను వేసిన కేసు ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. రేపు శనివారం లోక్ అదాలత్. రాజీ కాగితం మళ్లీ ఆ ప్రసాద్ బాబే రాయించి నా ఫోన్‌కి పంపాడు. కేసు నేను వెనక్కి తీసుకోవాలి, అన్నయ్య రోడ్డు పక్కన ఇల్లు కట్టుకోవడానికి మూడు సెంట్లిస్తాడు, ఇకమీదట ఉభయులకూ ఏ వివాదమూ లేదు. నా తరఫున సంతకం పెట్టే పవర్ కాగితం అక్క పేరనే ఉంది కాబట్టి నేను సరే అంటే చాలు, అక్క సంతకం పెట్టేస్తుంది. ఈ సాయంత్రంలోగా చెప్పమన్నాడు. సరే అనాలా, వద్దనాలా అని నేను ఇక్కడ గల్ఫ్‌లో, సమాయిల్ అనే ఊళ్లో ఒక ఖర్జూరం తోటలో, తెల్ల బండిలో, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని మూడింటి ఎండలో కూర్చుని ఉన్నాను.

ఏసీ ఆపేశాను. బండ్లు స్టార్ట్ చేయమనే దాకా ఇంజన్ ముట్టుకోకూడదని షారుఖ్ ఆర్డరు. షారుఖ్ది సియాల్‌కోట్, మా కంపెనీలో బండ్లన్నిటికీ ఇన్‌ఛార్జి, చేతిలో వాకీటాకీ. తోటకి ఆ చివర ఒక ఇల్లు, ఈ చివర ఒక ఇల్లు. ఆ చివర ఇంట్లో దొరలు, ఈ చివర ఇంట్లో లంకవాళ్లు. దేశాల పేర్లు బయట చెప్పకూడదని మా డ్రైవర్లందరి చేతా మొదటిరోజే కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు, అందుకని మాలో మేం పెట్టుకున్న పేర్లివి. మా గోదాట్లో ఏటి మధ్య తేలిన నేలని లంక అంటాం. వీళ్లది సముద్రం మధ్య తేలిన నేల, మూడు లంకలు. నూటపాతికేళ్లుగా దొరల కింద ఉన్నాయి. ఇప్పుడు వదిలేస్తామంటున్నారు, కానీ మూడోది, చిన్నది, రేవున్నది, దాన్ని మాత్రం ఉంచుకుంటామంటున్నారు. పదకొండు రోజులుగా ఇదే మాట. ఇరుపక్షాలూ ఒక గదిలో కూర్చోరు. మధ్యలో ఈ దేశం పెద్దాయన ఒకరు, మడమల దాకా దిగే తెల్ల దిష్‌దాషా తొడుక్కుని, ఖర్జూరం చెట్ల మధ్య దారి వెంట కాగితం పట్టుకుని ఆ ఇంటికీ ఈ ఇంటికీ నడుస్తారు. తొందరపడరు. ఎండలో చెప్పులు నేలకి తగిలే చప్పుడు కూడా రాదు. ఆయన వెళుతుంటే ఆయన నీడ చెట్ల నీడల్లో కలిసిపోయి, మళ్లీ విడిపోయి, మళ్లీ కలిసిపోయి, చూస్తూ చూస్తూ నాకు రెప్పలు బరువెక్కుతాయి.

రెప్ప పడితే చాలు, అద్దం అవతల నీళ్లు. ఎర్రటి నీళ్లు, ఆగస్టు నీళ్లు, చెట్ల మొదళ్ల దాకా, గెలల దాకా. ఖర్జూరం గెలలకి ఇక్కడ వల సంచులు కడతారు, ఆ సంచులు నీళ్లలో తేలుతున్న బుట్టల్లా ఉంటాయి. ఎనభై ఆరు వరదకి మా లంక మొత్తం మునిగి, మేం పాక కప్పు మీద రెండు రోజులున్నాం. నీళ్లు తీశాక చూస్తే ఎవరి గట్టు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నాన్న చేతిలో తాడు, నా చేతిలో వెదురు గూటాలు. అప్పుడు నేను ఏడో తరగతి. బడికి పడవ దాటాలి, పడవ కొట్టుకుపోయింది. కొత్త పడవ వచ్చేసరికి గూటాలు పాతడం అయిపోయింది కానీ నా చదువు కూడా అయిపోయింది. గూటం పాతి, దాని మీద అరచెయ్యి వేసి నాన్న అనేవాడు, ఇది మనది, ఇక్కడి నుంచీ ఆ నీళ్ల దాకా. ఆ నీళ్ల దాకా. ఎంత పిచ్చి హద్దు. నీళ్లు ఒకచోట ఉంటాయా. కానీ ఆ వయసులో, తడి మట్టి వాసనలో, ఆ మాట లోకం చివరి దాకా అన్నట్టు వినిపించేది.

లంకవాళ్ల పెద్ద హసీనా మేడమ్ నా బండిలోనే వస్తుంది. అరవై ఐదేళ్లుంటాయి, ఒకప్పుడు మంత్రసాని. రాసిపెట్టిన పద్ధతి ప్రకారం వెనక సీట్లో కూర్చోవాలి, కానీ రెండో రోజే ముందు సీట్లోకి వచ్చేసింది, వెనక కూర్చుంటే ఆసుపత్రికి తీసుకెళుతున్నట్టుంటుందట. వాళ్ల ఊరి సినిమా హాల్లో చూసి చూసి నేర్చుకున్న హిందీ ఆమెది, ముప్పై ఏళ్ల గల్ఫ్ రూముల్లో నేర్చుకున్న హిందీ నాది. రెండూ అతుకుల బొంతలే కాబట్టి ఒకరిది ఒకరికి బాగానే అర్థమవుతుంది. నిజ్వాలో వాళ్ల హోటల్ నుంచి సమాయిల్ దాకా కొండల మధ్య దారంతా ఆమె నన్ను కొబ్బరి గురించి అడిగేది. మీ దగ్గర దింపు ఎన్ని రోజులకి, పీచు ఏం చేస్తారు, చెట్టెక్కేవాళ్లు దొరుకుతున్నారా. అయిదో రోజు మాత్రం కొబ్బరి మాట లేదు. తను పుట్టింది ఆ మూడో లంకలోనే అంది. వాళ్ల నాన్న రేవులో దీపం వెలిగించేవాడట. ఏడేళ్ల వయసప్పుడు దొరలు అందరినీ పడవలెక్కించి పెద్ద లంకకి చేర్చారు, మళ్లీ ఎవరూ అక్కడ కాలు పెట్టలేదు. ఆ లంక పేరు ఒక్కసారి చెప్పింది. నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు, నెమ్మదిగా. ఆ పేరు నేను బయట చెప్పకూడదు.

నా సంగతి కూడా ఆమెకి చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను, ఎవరు దొరికినా చెప్పేదే అది. షారుఖ్ వినీ వినీ ఒకరోజు నవ్వాడు, "జెరీ భాయ్, నీ జమీన్ నది మింగింది, నాది మా అన్నలు మింగారు. నదికైతే ఎప్పుడో ఒకప్పుడు దాహం తీరుతుంది" అన్నాడు. మణికుమారి నవ్వను కూడా నవ్వదు. నిజ్వా ఆసుపత్రిలో నర్సు నా భార్య, ఇంటికొచ్చేసరికి కాళ్లు వాచి ఉంటాయి, ఆ కాళ్లు బకెట్లో పెట్టుకుని మొన్న అంది, "ఏటి మీద వేయాల్సిన కేసు అన్నయ్య మీద వేశారండీ మీరు." నేను అన్నం కంచం తోసేసి బయటికి వెళ్లిపోయాను. వెళ్లి ఎక్కడికి పోతాను, కిందకి దిగి బండి తుడుచుకుంటూ నిలబడ్డాను. హసీనా మేడమ్ మాత్రం అంతా విని, కొండలు చూస్తూ, పంచినవాడు ఎలా పంచాడు అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న ఎనిమిదేళ్లలో ఎవరూ అడగలేదు. వకీలు కూడా అడగలేదు. నేను దారి బాగోలేదన్నట్టు స్టీరింగ్ మీద పడ్డాను.

ఇప్పుడు చెప్పుకుంటాను, వినేవాళ్లెవరూ లేరు కాబట్టి. మా ఊళ్లో పంపకాల పద్ధతి ఏమిటంటే, పెద్దవాడు పంచుతాడు, చిన్నవాడు కోరుకుంటాడు. పంచేవాడికి ఏ ముక్క వస్తుందో తెలియదు కాబట్టి సమానంగా పంచి తీరాలి. అన్నయ్య తాడేసి సమానంగానే పంచాడు. నేనప్పుడు సూర్‌లో గ్యాస్ ప్లాంటు సైట్‌లో ఉన్నాను, మధ్యాహ్నం అన్నం టైము, సముద్రం మీద నుంచి వేడిగాలి, చేపలు ఎండుతున్న వాసన. ఫోను మోగింది. ప్రసాద్ బాబు గొంతు. అందరూ గట్టు మీదే ఉన్నార్రా, ఫోను పైకి పెట్టాను, చెప్పు, ఏటి వైపా, ఊరి వైపా అన్నాడు. వెనకాల గాలి, ఎవరో దగ్గడం, చెరుకు ఆకుల గలగల. ఏటి వైపు అన్నాను. ఆలోచించను కూడా లేదు. ఆ వైపు నల్లటి ఒండ్రు, వేలు గుచ్చితే మణికట్టు దాకా దిగుతుంది, వంగ వేసినా దోస వేసినా రెండింతలు. నాన్న అరచెయ్యి వేసి చూపించిన ముక్క అది. ఏటి వైపు బావా, అని ఇంకోసారి గట్టిగా అన్నాను, సైట్‌లో మిషను మోతకి వినపడదేమోనని. ఆయన కొంచెంసేపు ఊరుకున్నాడు. సరే అన్నాడు. ఆ కొంచెంసేపు ఎందుకు ఊరుకున్నాడో నాకు మూడో వరద తర్వాత అర్థమైంది. ఏరు ఆ ఒడ్డుకి తిరుగుతోందని ఆయనకి అప్పటికే తెలుసు. ఊరందరికీ తెలుసు. ఊళ్లో లేనివాణ్ణి నేనొక్కణ్ణే. తర్వాత సెలవుకి వెళ్లినప్పుడు చొక్కా పట్టుకుని అడిగాను. చొక్కా విడిపించుకోలేదాయన. "మధ్యన కూర్చున్నాన్రా జెరెమియా. నీకు చెబితే మీ అన్నకి ద్రోహం, చెప్పకపోతే నీకు ద్రోహం. ఏది చేసినా నాకు నిద్ర లేదు" అన్నాడు. నిద్ర లేకపోతే నాకేం. నా భూమి లేదు.

పెద్దాయన మళ్లీ బయల్దేరారు, కాగితం పట్టుకుని, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి. పొద్దున్నుంచీ ఇది ఎన్నోసారో. ఆయనకి కూడా తెలిసే ఉంటుంది, ఏ ఒడ్డు కోతకి గురవుతుందో. చెప్పరు. ఆయన ముఖం వైపు ఎంత చూసినా ఎవరి వైపున్నారో తెలియదు, నునుపైన రాతి మీద నీళ్లు జారినట్టు మన చూపు జారిపోతుంది. ఈ పనిలో మాకెవరూ ఏమీ చెప్పరు, కానీ డ్రైవర్లకి ఒక లెక్కుంది. ఇలాంటి సమావేశాలు ఎన్నో చూసిన షారుఖ్ చెప్పిన లెక్క. రెండు వైపుల బండ్లనీ ఒకేసారి స్టార్ట్ చేయమంటే ఒప్పందం కుదిరినట్టే, చేతులు కలుపుకుని ఒకేసారి బయటికొస్తారు. ఒక వైపు బండ్లు ముందు కదిలితే ఆ వైపువాళ్లు లేచిపోయారన్నమాట, ఇంక అయిపోయింది. పేపర్లవాళ్లకంటే మాకే ముందు తెలుస్తుంది. అందుకని వేడికి షర్టు వీపుకి అతుక్కుపోతున్నా, కళ్లు సగం మూసుకుని, చెవులు మాత్రం ఇంజన్ల కోసం పెట్టుకుని కూర్చున్నాను. తోటలో చప్పుడు లేదు. ఫలజ్ కాలవలో నీళ్లు, జానెడు వెడల్పు, రాళ్ల మధ్య నుంచి మాట్లాడుకుంటూ పోతున్నాయి. కొండల్లో ఎక్కడో పుట్టి, ఊరంతటికీ వంతులవారీగా వెళతాయి ఆ నీళ్లు. నేలలో పుల్ల పాతి నీడ కొలిచి, నీ వంతు అయిపోయింది నా వంతు అంటారు. గోదారిని కూడా ఎవరైనా ఇలా జానెడు చేసి, పుల్ల పాతి, ఇక్కడి దాకే అని ఉంటే. ఆ నీళ్ల చప్పుడు దగ్గరవుతూ, వెడల్పవుతూ, నా కాళ్ల కింద పెడల్స్ దగ్గర చల్లగా చేరుతూ, మా అమ్మ బిందె ముంచుతూ, ఒడ్డున మట్టిపెళ్ల ఒకటి విరిగి, గెలతో సహా అరటిచెట్టు నిలువుగా, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే నీళ్లలోకి నడిచి వెళ్లిపోతూ.

ఇంజను మోతకి కళ్లు తెరిచాను. ఆ చివర దొరల బండ్లు మూడూ స్టార్టయ్యాయి. మా వైపు ఎవరూ చెప్పలేదు. మూడు తెల్ల బండ్లు ఒకదాని వెనక ఒకటి, ధూళి లేపకుండా, నా పక్కనుంచే గేటు వైపు వెళ్లాయి. అద్దాలు నల్లవి, లోపల ఎవరున్నారో కనిపించలేదు. అంతే, లేచిపోయారు అనుకున్నాను. పదకొండు రోజులు. ఆ ముసలమ్మ లోపల ఒక్కతే బల్ల ముందు కూర్చుని ఉంటుంది అనుకున్నాను.  మధ్యవర్తులు, కాగితాలు, చెట్ల కింద నడకలు, అన్నీ ఇంతే. ఎప్పుడూ ఉన్నవాడిదే ఉంటుంది. ఫోను తీసి ప్రసాద్ బాబుకి గొంతు రికార్డు చేసి పంపాను. రాజీ లేదు బావా, గీజీ లేదు, నా సగం నాకిచ్చేదాకా కోర్టులోనే చూసుకుంటాను, నువ్వింక మధ్యలోకి రాకు, సంఘంలో ప్రార్థన చెప్పుకో. పంపేశాను. ఒకటే టిక్ పడింది. ఊళ్లో ఇప్పుడు అయిదు దాటింది, శుక్రవారం ఉపవాస కూడిక, ఫోను కట్టేసి మందిరంలో ఉంటాడు. నాకు చేతులు తేలికైనట్టు, ఒళ్లంతా బోలైనట్టు అనిపించింది. ఎంతసేపు అలా ఉన్నానో.

షారుఖ్ అద్దం మీద వేలితో కొట్టాడు. దించాను. ఏంటి భాయ్ ఏడుస్తున్నావా అన్నాడు. దొరలు వెళ్లిపోయారుగా అన్నాను. వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. దొరలెక్కడికీ వెళ్లలేదట, ఇంట్లోనే ఉన్నారు, బండ్లు ఖాళీవి. కింది తోటకి నీళ్ల వంతు వచ్చిందట, కాలవ ఆ బండ్లు నిలబెట్టిన చోటు మీదుగానే పారాలి, తోటమాలి వచ్చి పుల్ల నీడ చూపించి జరపమన్నాడు. రాజులొచ్చినా వంతు ఆగదట. నేను సీట్లోంచి వంగి చూశాను. బండ్లు నిలబడ్డ చోట, టైర్ల జాడల మీద, నీళ్లు మెల్లగా వచ్చి పరుచుకుంటున్నాయి. షారుఖ్ నవ్వుతూనే ఉన్నాడు, అంతలో వాడి చేతిలో వాకీటాకీ మాట్లాడింది. వాడి నవ్వు ఆగింది. రెండు వైపులా చూసి, చెయ్యి పైకెత్తి, అందరూ, అందరూ స్టార్ట్ చేయండి అన్నాడు.

తోటంతా ఒకేసారి గుర్రుమంది. ఈ చివర ఇంటి మెట్ల మీదకి రెండు వైపులవాళ్లూ వచ్చారు, మధ్యలో తెల్ల దిష్‌దాషా. కెమెరాలు. హసీనా మేడమ్ మాత్రం ఫోటోకి ఆగలేదు, తనవాళ్లని నిలబెట్టి, మెట్లు ఒక్కొక్కటే దిగి, నేను తలుపు తీసేలోగా తనే తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. బయల్దేరొద్దు, వాళ్లు రానీ అంది. ఏసీ గాలి ఆమె ముఖం మీద తలగుడ్డ అంచుని కదిలిస్తోంది.  ఏమీ అడగకూడదని కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టాను. ఆమే చెప్పింది. మూడోది ఇచ్చేశామంది. పెద్ద లంకలో నాలుగు లక్షలమంది, మూడోదాంట్లో ఇప్పుడు మేకలు కూడా లేవు, నేను ఒప్పుకోకపోతే మా మనవళ్లు కూడా ఇలాగే బండ్లెక్కి దిగుతుంటారు అంది. మరి పొద్దుటి నుంచీ ఇంతసేపు ఏమిటి మేడమ్ అని నోరుజారి అడిగేశాను.

"కాగితంలో 'మిగిలిన భూభాగం' అని రాశారు. నేను పుట్టినచోటు మిగిలింది కాదు, దానికి పేరుంది, పేరు రాయండి అన్నాను. అది మాదే, మేం వదులుకున్నాం అని రాస్తేనే సంతకం అన్నాను. దాని కోసమే ఆయన్ని ఇరవైసార్లు నడిపించాను" అంది.

రాశారా అన్నాను. తల ఊపింది. నవ్వలేదు. తర్వాత సీటుకి తల ఆనించి కళ్లు మూసుకుంది, నిద్రపోయిందో, ఏ దీపం చూస్తోందో. బయట ఇంకా ఫోటోలు తీసుకుంటున్నారు. చెట్ల మధ్య వెలుతురు పసుపు నుంచి రాగిలోకి తిరుగుతోంది, ఫలజ్ నీళ్లు కింది తోట పాదుల్లోకి ఒక్కొక్కటిగా ఎక్కుతున్నాయి. నాకు సూర్‌లో ఆ మధ్యాహ్నం ఎండుచేపల వాసనతో సహా వచ్చి పక్కన కూర్చుంది. ఏటి వైపు బావా, ఏటి వైపు. ఎంత గట్టిగా అరిచాను. ఎంత సంతోషంగా అరిచాను.

ఫోను తీశాను. ఒకటే టిక్ అలాగే ఉంది, కూడిక ఇంకా విడవలేదు. దాన్ని చెరిపేయొచ్చు. చెరపలేదు, అన్న మాట అన్నట్టే ఉండనీ అనిపించింది. మేడమ్ నిద్ర చెడకుండా తలుపు తీసుకుని దిగి, బండి వెనక్కి వెళ్లి, ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను.

"బావా, ముందు పంపింది కోపంలో పంపాను. ఇది విను. అక్కని సంతకం పెట్టమను. అన్నయ్య ఇస్తానన్న మూడు సెంట్లు ఇస్తే ఇవ్వనీ, లేకపోతే మానెయ్యనీ. కానీ ఏ వివాదమూ లేదని ఊరికే రాసి వదిలేయొద్దు. దాని పైన ఒక ముక్క రాయించు. ఏటి వైపు భూమి జెరెమియా కోరుకున్నది, అన్నయ్య దాన్ని తీసుకోలేదు, గోదాట్లో పోయింది అని రాయించు. ఎంత పోయిందో కూడా అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించు బావా. ఒక ఎకరం ఏడు సెంట్లు."